అలుగు కింద పొలం: అట్లాంటిక్ సిటీలో ఒక చిన్న మోటెల్ కేసు

న్యూజెర్సీలో చిన్న హోటళ్లు, మోటెళ్ల లెక్కలు చూడటం, అప్పుల్లో పడినవాటి తరఫున బ్యాంకులతో మాట్లాడటం నా వృత్తి. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి మొదటి కారణం, తొలి ఏడాది నేనిచ్చిన సలహా తప్పని తేలడం. రెండోది, కాసినోల మీద బతికే ఊరు దెబ్బతిన్నాక ఎలా లేస్తుందో నాకు ఈ కేసులోనే అర్థమైంది. యజమానులను ఎవరూ గుర్తుపట్టకుండా గదుల సంఖ్య, వీధి, కుటుంబ వివరాలు, కొన్ని నెలలు మార్చాను. ఊరి సంగతులు మాత్రం జరిగినవి జరిగినట్టే రాశాను.

నేపథ్యం

అట్లాంటిక్ సిటీ న్యూజెర్సీలో సముద్రం ఒడ్డున ఉన్న పాత విహార పట్టణం. 1976లో ఓటర్లు ఒప్పుకోవడంతో 1978 మే 26న అక్కడ రిసార్ట్స్ ఇంటర్నేషనల్ తెరుచుకుంది. నెవాడా బయట అమెరికాలో అదే మొదటి చట్టబద్ధమైన కాసినో. చుట్టుపక్కల రాష్ట్రాల్లో చాలాకాలం పోటీ లేదు. ఫిలడెల్ఫియా నుంచి, న్యూయార్క్ నుంచి బస్సుల నిండా పెద్దవాళ్లు వచ్చేవాళ్లు. బస్సు దిగగానే కాసినోలే ఆడుకోవడానికి చిల్లర నాణేలు చేతిలో పెట్టేవి. న్యూజెర్సీలోనే ఎడిసన్ వైపు ఉండే మనవాళ్లకు కూడా శుక్రవారం సాయంత్రం గార్డెన్ స్టేట్ పార్క్‌వే హైవే ఎక్కి వెళ్లి రావడం మామూలే.

2006లో కాసినోల ఆదాయం 520 కోట్ల డాలర్లు. అంతకు మించి ఎదగలేదు. ఆ ఏడాది చివర్లోనే పక్కనున్న పెన్సిల్వేనియాలో కాసినోలు మొదలయ్యాయి. ఆ రాష్ట్రంలోని ఫిలడెల్ఫియా పెద్దాయనకు ఇంటి దగ్గరే జూదం మెషీన్ దొరికాక బస్సెక్కే పని లేకుండా పోయింది. తర్వాత 2008 మాంద్యం. 2012 అక్టోబరులో శాండీ తుఫాను. 2014 నాటికి ఆదాయం 274 కోట్లకు, అంటే దాదాపు సగానికి పడిపోయింది.

నా క్లయింట్లు భార్యాభర్తలు, ప్రకాశం జిల్లా వైపు నుంచి వచ్చినవాళ్లు. నలభై లోపు గదులున్న రోడ్డు పక్క మోటెల్‌ను 2005లో, అంటే ధరలు బాగా ఎక్కువగా ఉన్నప్పుడు, పెద్ద అప్పు చేసి కొన్నారు. ఏ చెయిన్ బోర్డూ లేదు. పగలు ఆయన, రాత్రి ఆవిడ ఫ్రంట్ డెస్క్ చూసుకునేవాళ్లు. వ్యాపారం నడిచే తీరు సులువు. వారాంతంలో కాసినో గదులు నిండి రేట్లు పెరిగితే, అంత పెట్టలేనివాళ్లు వీళ్ల దగ్గరికి వచ్చేవాళ్లు. మిగతా రోజుల్లో గదులు ఖాళీగా ఉన్నా వేసవి వారాంతాల సంపాదనతో ఏడాదంతా గట్టెక్కేది.

వచ్చిన సమస్య

2014 ఫిబ్రవరిలో వాళ్లు నా దగ్గరికి వచ్చారు. అంతకు నెల ముందే, జనవరి 13న, అట్లాంటిక్ క్లబ్ కాసినో మూతపడింది. వీళ్లు బ్యాంకుకు రెండు కిస్తీలు బాకీ ఉన్నారు. ప్రాపర్టీ టాక్స్ బిల్లు పెరుగుతోంది. బాయిలర్ రిపేరు ఉంది. ఆయన మాటల్లో ఒక నమ్మకం కనిపించింది: “రెవెల్ కుదుటపడితే ఊరు కుదుటపడుతుంది సార్, ఊరు బాగుంటే మేమూ బాగుంటాం. అప్పటిదాకా లాక్కొస్తే చాలు.” 240 కోట్ల డాలర్లతో కట్టి 2012లో తెరిచిన పెద్ద కాసినో రెవెల్. అప్పటికే ఒకసారి దివాలా దాఖలు చేసింది.

ఆవిడ మాత్రం ఆ రోజు ఒక్కటే అడిగారు. “అన్నయ్య గారూ, ఇది మా తప్పా, ఊరి తప్పా?” అప్పుడు నేను సరైన జవాబు ఇవ్వలేకపోయాను.

మొదటి ప్రయత్నం: రేట్లు తగ్గించడం

నేను నెలవారీ లెక్కలు చూశాను. కరెంటు, ఇన్సూరెన్స్, టాక్స్, కిస్తీ గది నిండినా నిండకపోయినా ఒకటే. గది శుభ్రం చేసే ఖర్చు, దుప్పట్లు ఉతికే ఖర్చు తీసేశాక ఎంత మిగిలినా లాభమే కదా అనుకున్నాను. మధ్య వారం రేటు బాగా తగ్గించమని, ఆన్‌లైన్ బుకింగ్ సైట్లలో అన్నిటికంటే కింద ఉండమని చెప్పాను. పుస్తకంలో ఈ లెక్కలో తప్పు లేదు. ఆ ఊళ్లో అది పనికిరాలేదు.

ఎందుకంటే కాసినోకు గది అనేది అమ్ముకునే సరుకు కాదు. ఆటగాణ్ని రప్పించడానికి వేసే ఎర. బాగా ఆడేవాళ్లకు గది ఉచితం, దాన్నే అక్కడ కాంప్ అంటారు. గిరాకీ పడిపోయిన ఊళ్లో కాసినోలు ఇంకా ఎక్కువ గదులు ఉచితంగా ఇస్తాయి, మిగిలినవి మధ్య వారంలో కారుచౌకగా అమ్ముతాయి. సముద్రం కనిపించే గది కాస్త ఎక్కువకే దొరుకుతుంటే రోడ్డు పక్క మోటెల్‌కు ఎవరొస్తారు? ఉచితంగా ఇచ్చేవాడితో రేటులో పోటీ పడమని నేను చెప్పాను. ఆ తప్పు నాదే.

తగ్గించిన రేటుకు గదులు కొన్ని నిండాయి. కానీ వచ్చినవాళ్లు వేరే. ఆ ఏడాది ఆగస్టు 31న షోబోట్, సెప్టెంబరు 2న రెవెల్, 16న ట్రంప్ ప్లాజా మూతపడ్డాయి. పదిహేడు రోజుల్లో మూడు. ఏడాది మొత్తం మీద దాదాపు 8,000 మంది ఉద్యోగాలు పోయాయి. అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేసిన కుటుంబాలు వారం లెక్కన మోటెల్ గదుల్లో చేరాయి. నిన్నటిదాకా కాసినోలో ప్లేట్లు తీసినవాళ్లు, పరుపులు సర్దినవాళ్లు, పేకముక్కలు పంచినవాళ్లు. గదిలోనే వంట, పిల్లల చదువు. వాళ్లకు డబ్బు ఆగిపోతే ఆవిడకు ఖాళీ చేయించడానికి మనసొప్పేది కాదు. అలా ఖాళీ చేయించమని నేను చెప్పలేదు, ఈ రోజుకీ చెప్పను. కానీ లెక్క మాత్రం లెక్కే. అక్టోబరుకి గదులు ముప్పావు వంతు నిండి ఉన్నాయి, చేతికొచ్చే డబ్బు మాత్రం ఫిబ్రవరి కంటే తక్కువ. వేసవి కోసం ఎప్పుడూ వచ్చే పాత కుటుంబాలు పార్కింగ్‌లో గొడవలు చూసి బయటినుంచే వెళ్లిపోయాయి.

మధ్యలో బస్సు టూర్ల వాళ్లతో కలిసి గది, భోజనం కలిపి ప్యాకేజీ పెట్టాం. మూడు నెలల్లో వదిలేశాం. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆ బస్సులు నింపే పెద్దవాళ్లే ఇప్పుడు పెన్సిల్వేనియాలో ఆడుకుంటున్నారు.

చేయకుండా ఆగిన పని

2015 వసంతంలో రెవెల్ భవనం 8.2 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. పేపర్లలో పెద్ద వార్తలు వచ్చాయి. మా యజమాని ఉత్సాహంగా ఫోన్ చేశారు. బంధువుల దగ్గర అప్పు తెచ్చి గదులన్నీ కొత్తగా చేయిస్తానని, రెవెల్ తెరిచే నాటికి సిద్ధంగా ఉండాలని ఆయన ఆలోచన.

నేను వద్దన్నాను. 240 కోట్లతో కట్టిన దాన్ని 8.2 కోట్లకు కొన్న మనిషి అందులో నడిచే వ్యాపారానికి విలువ కట్టలేదు. ఖాళీ భవనానికి, నేలకు మాత్రమే కట్టాడు. తక్కువకు కొన్నవాడికి త్వరగా తెరవాలన్న ఒత్తిడి కూడా ఉండదు. పైగా కాసినో తెరవాలంటే లైసెన్సు, వేల మంది సిబ్బంది, కోట్ల కొద్దీ చేతి డబ్బు కావాలి. అవేవీ కనిపించడం లేదు. చుట్టాల డబ్బు పోతే బ్యాంకు డబ్బు పోయినట్టు కాదు, పెళ్లిళ్లకూ పేరంటాలకూ తల ఎత్తుకోలేం. ఆయన రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఆ భవనం మళ్లీ చేతులు మారి, ఓషన్ పేరుతో కాసినోగా తెరుచుకున్నది 2018 జూన్ చివర్లో.

రిజిస్టర్ చదవడం

అసలు మలుపు ఒక చిన్న పనితో వచ్చింది. నెలవారీ మొత్తాలు పక్కనపెట్టి, మూడేళ్ల రోజువారీ రిజిస్టర్ తెప్పించాను. ఫిబ్రవరి నెలలో మంగళవారాలు మాత్రమే తీసి చూశాం. అందరూ వచ్చే ఆగస్టు శనివారం ఎవరి లెక్కనైనా బాగానే చూపిస్తుంది. చలిలో, మధ్య వారంలో, ఏ కాసినో ఆకర్షణా లేకుండా వచ్చినవాడు మాత్రం ఏదో పని ఉండే వచ్చి ఉంటాడు. ఆ పనేమిటో తెలుసుకోవాలి.

అలాంటి రాత్రుల్లో నిండిన గదులు నాలుగైదు. పేర్లు మాత్రం మళ్లీ మళ్లీ అవే. లిఫ్టులు రిపేరు చేసే మెకానిక్, వంతెనలకు రంగులు వేసే ముఠా, ఆసుపత్రిలో పదమూడు వారాల కాంట్రాక్టు మీద పనిచేసే నర్సు. ఆ జాబితా ఆయన చేతిలో పెట్టాను. కాసేపు చూసి అన్నారు: “మా ఊళ్లో మాది అలుగు కింద పొలం సార్. చెరువు నిండి అలుగు పారితే మాకు పంట. లేకపోతే బీడు. ఇక్కడికొచ్చి కూడా అలుగు కింద పొలమే కొన్నాను.” ఇంతకంటే బాగా ఆ వ్యాపారాన్ని నేను వివరించలేను. ఈ నలుగురైదుగురు మాత్రం అలుగు నీళ్లు కాదు, ఊట నీళ్లు.

ఆ నలుగురైదుగురికీ ఫోన్ చేసి, ఎందుకు మన దగ్గరే ఉంటున్నారు, ఏం లేక ఇబ్బంది పడుతున్నారు అని అడగమన్నాను. ఎవరూ తక్కువ రేటు అడగలేదు. ట్రక్కు నిలపడానికి చోటు, తెల్లవారుజామున నాలుగున్నరకు వేడి కాఫీ, రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునేవాళ్లకు నిశ్శబ్దం, కంపెనీ పేరుతో సరైన బిల్లు. ఇవీ వాళ్లడిగినవి. మూతపడిన కాసినోలో గదులు సర్ది, ఇప్పుడు ఇక్కడ పనిచేస్తున్న ఒకావిడ ఇంకో మంచి మాట చెప్పింది. పగలు పడుకునేవాళ్ల గదులన్నీ వెనకవైపు ఒకే వరసలో ఇస్తే, తను ఆ వరసను సాయంత్రం శుభ్రం చేస్తానంది. పైసా ఖర్చు లేని ఈ మార్పు తర్వాతే నర్సులు ఒకరికొకరు చెప్పుకుని రావడం మొదలైంది.

వారం లెక్కన ఉన్న కుటుంబాలను రాత్రికి రాత్రి పంపలేదు. కొత్తగా చేర్చుకోవడం ఆపి, ఉన్నవాళ్లకు కౌంటీ సాయం దొరికేలా కాగితాలు నింపి, ఎనిమిది నెలల్లో ఒక్కొక్కరినీ ఇళ్లకు చేర్చాం. ఆ నెమ్మది వల్ల కొంత డబ్బు పోయింది. అందుకు వాళ్లిద్దరూ సిద్ధపడే చేశారు.

టాక్స్, బ్యాంకు

ఊరు ఎలా కుంగుతుందో ప్రాపర్టీ టాక్స్‌లో చూడొచ్చు. కాసినోల ఆదాయం పడగానే అవి తమ భవనాల విలువ ఎక్కువ కట్టారని అప్పీలుకు వెళ్లి గెలిచాయి. 2010 నుంచి ఐదేళ్లలో ఊళ్లో టాక్స్ వేయదగ్గ ఆస్తుల విలువ దాదాపు మూడో వంతుకు పడిపోయింది. పెద్దవాళ్లు కట్టేది తగ్గితే ఆ లోటు రేటు రూపంలో ఇళ్లవాళ్ల మీద, చిన్న వ్యాపారుల మీద పడుతుంది. మా క్లయింటు ఆదాయం సగమైనా బిల్లు పెరగడానికి కారణం ఇదే. ఆ ఇల్లాలు మొదటి రోజు అడిగిన ప్రశ్నకు ఇందులో సగం జవాబుంది.

మనం కూడా అప్పీలు చేయొచ్చని వాళ్లకు తెలియదు. న్యూజెర్సీలో మామూలుగా ఏప్రిల్ 1 గడువు. మూడేళ్ల ఆదాయ ఖర్చుల లెక్క, చుట్టుపక్కల మోటెళ్లు అమ్ముడుపోయిన ధరలు పెట్టి వేశాం. అసెస్‌మెంట్, అంటే టాక్స్ కోసం కట్టిన ఆస్తి విలువ, తగ్గింది. ఇది మేం రేట్లు తగ్గించడానికి బదులు మొదటి ఏడాదే చేయాల్సిన పని.

బ్యాంకు దగ్గర కూడా పద్ధతి మార్చాం. అంతకుముందు ఆయన వెళ్లి, ఊరు బాగుపడుతుంది, కాస్త ఆగండి అని అడిగేవారు. అప్పిచ్చినవాడికి ఆశలతో పని లేదు. నేను పదమూడు వారాల నగదు అంచనా పట్టుకెళ్లాను. ఏ వారం ఎంత వస్తుంది, ఎంత పోతుంది, ఎక్కడ తగ్గుతుంది అని. పన్నెండు నెలలు వడ్డీ మాత్రమే కట్టేలా, ప్రతి నెలా లెక్కలు పంపేలా ఒప్పుకున్నారు. అంచనా తప్పిన నెల ముందుగా మేమే ఫోన్ చేసి చెప్పేవాళ్లం. ఆ ఒక్క అలవాటుతో అవతలి ఆఫీసర్‌కు టెన్షన్ తగ్గింది, మాకూ తగ్గింది.

2016 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం ఊరి పాలనను తన చేతిలోకి తీసుకుంది. అదే ఏడాది కాసినోలు అప్పీళ్లకు పోకుండా ఏటా ఒక నిర్ణీత మొత్తం కట్టే చట్టం వచ్చింది. బోర్గాటా కాసినోకు ఊరు తిరిగి ఇవ్వాల్సిన సుమారు 16.5 కోట్ల డాలర్ల టాక్స్ వివాదం 2017లో 7.2 కోట్లకు తేలింది. ఇవేవీ రిబ్బన్ కత్తిరించే సందర్భాలు కావు. కానీ వచ్చే ఏడాది టాక్స్ ఎంతుంటుందో అంచనా వేయగలిగితేనే ఎవరైనా ఆ ఊళ్లో డబ్బు పెడతారు. అట్లాంటిక్ సిటీ లేచి నిలబడటం ఈ కాగితాల దగ్గరే మొదలైందని నా అభిప్రాయం. పాలన రాష్ట్రం చేతుల్లోకి పోవడం మీద స్థానికుల బాధ కూడా న్యాయమైనదే.

మళ్లీ అలుగు పారినప్పుడు

2016 అక్టోబరులో ట్రంప్ తాజ్ మహల్ అనే కాసినో కూడా మూతపడింది. మరుసటి ఏడాది దాన్ని హార్డ్ రాక్ అనే కాసినో కంపెనీ కొని, లోపలంతా మార్చి కట్టడం మొదలుపెట్టింది. స్టాక్‌టన్ యూనివర్సిటీ కొత్త క్యాంపస్ పని కూడా అప్పుడే. ఊరంతా ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు. ఒక సబ్‌కాంట్రాక్టర్ వచ్చి పదినెలలకు గదులన్నీ తనకే ఇమ్మన్నాడు.

ఈ కేసు మొత్తంలో కష్టమైన నిర్ణయం ఇదే. మూడేళ్ల బాధల తర్వాత గదులన్నీ నింపుతానని ఒక మనిషి వస్తే కాదనడానికి గుండె కావాలి. సగం కంటే ఎక్కువ ఇవ్వొద్దన్నాను. పని 2018 వేసవికి అయిపోతుంది, ఆ మరుసటి సోమవారం గదులన్నీ ఒకేసారి ఖాళీ అవుతాయి. అప్పటికి నర్సులు, మెకానిక్‌లు వేరే చోటు చూసుకుని ఉంటారు. పైగా కాంట్రాక్టర్లు రెండు మూడు నెలలకు గానీ డబ్బు ఇవ్వరు, కిస్తీ మాత్రం నెల నెలా కట్టాలి. కాబట్టి సగం గదులు, పదిహేను రోజులకోసారి చెల్లింపు, ఒక విడత ఆగితే గదులు వెనక్కి. మొదట ఆయన మొహం చిన్నబోయింది. ఆవిడే తేల్చేశారు: “మళ్లీ ఒక్క చెరువు కిందే పొలం ఎందుకండీ?”

మిగతా సగంలో కొత్తవాళ్లు చేరారు. న్యూజెర్సీ హైస్కూల్ కుస్తీ పోటీల ఫైనల్స్ చలికాలం చివర్లో బోర్డ్‌వాక్ హాల్‌లో జరుగుతాయి. పిల్లలతో వచ్చే తల్లిదండ్రులకు జూదంతో పని లేదు, ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్న గది, పొద్దున్నే టిఫిన్ కావాలి. ఒక స్కూల్ కోచ్ సంతృప్తిపడితే మరుసటి ఏడాది ముగ్గురు కోచ్‌లు ఫోన్ చేశారు.

2018 జూన్‌లో హార్డ్ రాక్, ఓషన్ రెండూ తెరుచుకున్నాయి, పనివాళ్లు వెళ్లిపోయారు. ఆ జూలై మాకు గడ్డుగా ఉంది కానీ కిస్తీ ఆగలేదు.

ఈ కేసు నుంచి నేను నేర్చుకున్నది

ఊరు కోలుకోవడం, కాసినోలు కోలుకోవడం, చిన్న వ్యాపారం కోలుకోవడం ఒకేసారి జరగవు. 2014లో నాలుగు మూతపడ్డాక, 2015లో మిగిలిన ఎనిమిది కాసినోల లాభాలు పెరిగాయి, ఎందుకంటే ఉన్న ఆదాయాన్ని పంచుకునే కాసినోలు తగ్గాయి. అదే ఏడాది మా గదుల్లో ఉద్యోగాలు పోయిన కుటుంబాలున్నాయి. 2018లో రెండు కొత్తవి తెరిచాక మొత్తం ఆదాయం పెరిగింది, కాసినోల లాభాలు తగ్గాయి. 2023లో కాసినోలు, ఆన్‌లైన్ ఆట, స్పోర్ట్స్ బెట్టింగ్ కలిపి 577 కోట్ల డాలర్ల ఆదాయం వచ్చింది, 2006 కంటే ఎక్కువ. కానీ ఊళ్లోకి వచ్చి ఆడినవాళ్ల వల్ల వచ్చింది అందులో 285 కోట్లే. ఫోన్‌లో ఆడేవాడు ఏ మోటెల్‌లోనూ పడుకోడు, సముద్రం ఒడ్డున ఉన్న చెక్క బాట, బోర్డ్‌వాక్ మీద టాఫీ కొనడు. అందుకే ఇప్పుడు క్లయింటు ఎవరైనా ఊరి ఆదాయం పెరిగిందని చెబితే, ఏ ఆదాయం అని అడుగుతాను.

లాస్ వేగస్‌తో పోల్చి అడిగేవాళ్లున్నారు. అక్కడి పెద్ద కాసినోలున్న స్ట్రిప్ అనే వీధి మీద 2008 కంటే చాలా ముందే జూదం బయటి రాబడి, అంటే గదులు, భోజనం, షోలు, జూదం రాబడిని దాటింది. మాంద్యంలో ఆ ఊరూ విలవిల్లాడింది. 2020లో నెవాడా కాసినోలు 78 రోజులు మూతపడ్డాయి. అయినా కన్వెన్షన్లకు వచ్చేవాళ్లు, తర్వాత ఫుట్‌బాల్ స్టేడియానికి వచ్చేవాళ్లు మధ్య వారాలను నింపగలిగారు. అట్లాంటిక్ సిటీకి అలాంటి రెండో కారణం కట్టుకోవడానికి ఆలస్యమైంది, సముద్రం ఉండి కూడా.

నా పద్ధతిలో వచ్చిన మార్పు ఒకటుంది. సలహా ఇచ్చే ముందు రోజువారీ రిజిస్టర్ చూస్తాను, టాక్స్ గడువు చూస్తాను. ఒక్క కస్టమర్ చేతిలో సగానికి మించి గదులున్నాయేమో చూస్తాను. రేటు తగ్గించమనడం చివరికి మిగిలే సలహా.

2020 మార్చి 16న న్యూజెర్సీ కాసినోలన్నీ మూతపడ్డాయి. జూలై 2న గానీ తెరవలేదు. ఆ మార్చి రాత్రి ఆయనకు ఫోన్ చేయడానికి నాకు భయమేసింది. ఆవిడే ఎత్తారు. వెనక వరస మొత్తం నర్సులకు ఇచ్చామని, మెకానిక్ ఇంకా ఉన్నాడని, ముందు వరస తాళాలు వేసి కరెంటు ఆపేశామని చెప్పారు. ఈ నెల కిస్తీ కట్టాం, వచ్చే పదమూడు వారాల కాగితం బ్యాంకుకు పంపించాం అన్నారు. “మీకు కూడా పంపాను అన్నయ్య గారూ, ఒకసారి చూడండి. ఏడో వారం దగ్గర కొంచెం తగ్గుతోంది.”